ఊకొట్టు యంత్రం

"అల్లం తక్కువేసుంటావు. అల్లం పడని పెసరట్టు ఏం పెసరట్టురా, జ్వరమొచ్చినోడికి పెట్టే పథ్యంలా ఉంటాది," అంది అక్క.

చార్విక్ పెనం మీద అట్టు తిరగేస్తూ నవ్వుకున్నాడు. అల్లం నిజంగానే తక్కువ వేశాడు.

"నువ్వేం తిన్నావు?"

"ఏటో పెట్టారు, తిన్నాను. నిన్నటికంటే రెండు ముద్దలు ఎక్కువే తిన్నాన్రా. ఈ వారం ఒంట్లో తేలిగ్గా ఉంది. నా సంగతికేం గానీ, బేగి తినీసి ఎండెక్కకముందే నడకకెళ్ళు."

"వెళ్తాలే," అన్నాడు.

వంటగదిలో అతనొక్కడే ఉన్నాడు. అక్క తన్విక అంగారకుడి మీద, ఎర్రదిబ్బ స్థావరం ఆసుపత్రిలో మంచం మీద ఉంది. ఆ రోజుల్లో రెండు గ్రహాల మధ్య దూరం బాగా పెరిగింది. ఇక్కడన్న మాట అక్కడికి చేరడానికి ఇరవై రెండు నిమిషాలు, అక్కడి జవాబు ఇక్కడికి రావడానికి మరో ఇరవై రెండు నిమిషాలు పట్టేది. కాంతికంటే వేగంగా కబురు పంపే ఉపాయం మనిషికి ఇంకా దొరకలేదు. అయినా అక్క జవాబులు అట్టు అంచులు ఎర్రబడేలోపే వచ్చేస్తున్నాయి. అందులో ఎవరికీ వింత కనబడేది కాదు.

కింద సముద్రపు గోడ మీద కూడా అదే తంతు. భీమిలి పాత బీచ్ రోడ్డును సముద్రం ఎప్పుడో పొట్టన పెట్టుకుంది. అది ఇంకా ముందుకు రాకుండా కట్టిన గోడే ఇప్పుడు ఊరికి నడక దారి. పొద్దున్నే దాని మీద నడిచేవాళ్ళలో సగం మంది గాల్లోకి మాట్లాడుకుంటూ పోతుంటారు. అంగారకుడి మీద ఉన్న కోడలితో ఒకావిడ ఆవకాయ పాళ్ళ గురించి వాదులాడుతుంటుంది. ఒకాయన అల్లుడికి సలహాలిస్తుంటాడు, అల్లుడు విసుక్కుంటుంటాడు. మాటకి మాట టకటకా వచ్చేస్తుంటుంది. ఇదంతా ఊకొట్టు చలవ. ఆ ఊకొట్టును తయారుచేసినవాడు చార్విక్.

దాని కథ చెప్పాలంటే పాతికేళ్ళు వెనక్కి వెళ్ళాలి. అంగారకుడి మీద అప్పుడప్పుడే స్థావరాలు నిలదొక్కుకుంటున్నాయి. అక్కడికి వెళ్ళిన మొదటి తెలుగువాళ్ళలో తన్విక ఒకతె. అర్థం అడిగితే పెట్టిన తల్లిదండ్రులే తడుముకునే పేర్ల తరం వాళ్ళది, ఆ అక్కాతమ్ముళ్ళది. ఆమె భూగర్భ శాస్త్రవేత్త. భీమిలి పక్కన ఎర్రమట్టి దిబ్బల్లో తిరిగి తిరిగి చిన్నప్పుడే ఆ మట్టి పిచ్చి పట్టింది. జాతకంలో కుజదోషం ఉందని సంబంధాలు తప్పిపోతుంటే, "దోషమేదో ఆయన్నే అడిగొస్తాను," అని ఏకంగా కుజుడి మీదకే వెళ్ళిపోయింది. ఆ స్థావరానికి ఎర్రదిబ్బ అని పేరు పెట్టింది కూడా ఆమే.

స్థావరాల కబుర్లు చేరవేసే సంస్థవాళ్ళకు అప్పట్లో ఒక సంగతి అంతుపట్టలేదు. మిగతా దేశాలవాళ్ళు అరగంటసేపు ఏకధాటిగా మాట్లాడి రికార్డు చేసి పంపేవాళ్ళు. తెలుగువాళ్ళు రెండు వాక్యాలు చెప్పి, "వింటున్నావా?" అని ఆగిపోయేవాళ్ళు. కాసేపు నీళ్ళు నమిలి, "ఇంకేటి, అంతే," అని ముగించేవాళ్ళు. ఇంటి మీద బెంగేమోనని డాక్టర్లు మాత్రలు కూడా ఇచ్చి చూశారు. విశాఖలో ధ్వని పరిశోధనశాలలో పనిచేస్తున్న చార్విక్‌కు అసలు సంగతి సొంత ఇంట్లోనే తెలిసింది. కూతురికి కబురు పంపడానికి కూర్చున్న తల్లి రెండు ముక్కలు చెప్పి లేచిపోతుండేది.

"ఊఁ అనే దిక్కు లేకుండా ఎలా చెప్పమంటావురా? గోడకి చెప్పుకున్నట్టుంటాది," అనేది ఆవిడ.

అది నిజమే. మనవాళ్ళకు మాట్లాడటమంటే ఇద్దరు చేసే పని. చెప్పేవాడు చెప్తుంటే వినేవాడు ఊఁ కొట్టాలి. ఆ ఊఁ ఆగితే చెప్పేవాడి నోట్లో మాట ఆగిపోతుంది. సంకేతాలు ప్రయాణించడానికి పట్టే సమయానికి, అంటే లాటెన్సీకి, పరిశోధనశాలలో జాగు అని పేరు పెట్టుకున్నారు. ఆ జాగు ఊఁని మింగేసింది.

చార్విక్ చేసిన మొదటి యంత్రానికి ఒక్కటే విద్య వచ్చు. అయినవాళ్ళ గొంతుతో, సరైన చోట, సరైన ధోరణిలో ఊఁ అనడం. తల్లి దాన్ని పక్కన పెట్టుకుని మొదటిసారి కూతురికి గంటసేపు కబుర్లు చెప్పింది. లేచేటప్పుడు కళ్ళు తుడుచుకుని, "ఇప్పుడు మాట్లాడినట్టుందిరా," అంది. ఆ ఒక్క మాటకి అతను చాలా రోజులు గాల్లో తేలాడు.

అంతటితో ఆగితే బాగుండేది. ఊఁ అన్న యంత్రం "అవునా" అనడం నేర్చింది. "తర్వాత?" అంది. మనిషి పాత సంభాషణలన్నీ విని, ఈ మాటకి ఈ మనిషి ఏమని జవాబిస్తాడో లెక్కగట్టే ప్రిడిక్షన్ మోడల్‌ను దానికి జోడించాక, నిండు వాక్యాలే పలకసాగింది. వీటిని ఊహాజవాబులు అన్నారు. ఇందులో మోసం లేకుండా చార్విక్ ఒక కట్టుబాటు పెట్టాడు. ఇక్కడ నేను నీ ఊహాజవాబులతో మాట్లాడిన మాటలన్నీ నీకు చేరతాయి. నీ పేరు మీద యంత్రం అన్న ప్రతి మాటా నువ్వు వింటావు. సరిపోతే ఆమోదం మీద వేలు పెడతావు. సరిపోకపోతే నీ మాట నువ్వు చెప్తావు. ఆ సవరణ నాకు చిన్న గంట మోతతో చేరుతుంది. నువ్వు అక్కడ నా గొంతుతో మాట్లాడినప్పుడు నేనూ ఇదే చేస్తాను.

ఒళ్ళు హూనమయ్యేలా గనుల్లో పనిచేసి వచ్చేవాళ్ళు ఇంత వినలేమని మొరపెట్టుకుంటే, మొత్తం ఆమోదం అని ఇంకొక మీట కూడా చేర్చాడు. ఒక్క వేలు తాకిస్తే సంభాషణంతా ఒప్పుకున్నట్టే. అతనితో కలిసి పనిచేసిన నఫీసాకు అది నచ్చలేదు.

"వినకుండా ఊఁ కొట్టడం నేర్పుతున్నావు జనానికి," అంది.

"పేపర్లో తల దూర్చి పెళ్ళాం మాటలకి ఊఁ కొట్టిన వంశం మనది. ఇప్పుడు నేను కొత్తగా నేర్పాలా?" అన్నాడు చార్విక్.

నఫీసా నవ్వింది గానీ ఆ మీటకు ఒప్పుకుంటూ సంతకం మాత్రం చేయలేదు. అతనొక్కడే చేశాడు.

తల్లి పోయింది. చార్విక్‌కు కుదిరిన ఒక్క సంబంధం పీటల దాకా రాకుండానే తప్పిపోయింది, మళ్ళీ ప్రయత్నించలేదు. లోకంలో అతన్ని ఒరేయ్ చిన్నా అని పిలిచే మనిషి అక్కే మిగిలింది. పొద్దున్న అతను మాట్లాడేవాడు. ఆమె అక్కడ తన తీరిక వేళ మాట్లాడేది, అది ఇక్కడికి మధ్యాహ్నం భోజనం వేళకు చేరేది. అన్నం తింటూ వినేవాడు. యంత్రం తన పేరు మీద తప్పు కూస్తే గిన్నె పక్కకి నెట్టి సవరించేవాడు.

రెండేళ్ళ కిందట ఆమెకు ఊపిరితిత్తుల కేన్సర్ అని తేలింది. సిగరెట్టు ముట్టిన మనిషి కాదు. అంగారకుడి దుమ్ము మైదాపిండికంటే మెత్తన. ఎన్ని వడపోతలు పెట్టినా సూట్ల సందుల్లోంచి ఏళ్ళ తరబడి లోపలికి పోయింది. బయటపడేసరికే కాలేయానికీ ఎముకలకీ పాకింది. భూమికి తెచ్చే దారి లేదు. నౌక పైకి లేచేటప్పటి ఒత్తిడిని ఆ ఊపిరితిత్తులు తట్టుకోలేవని ఖరాఖండిగా చెప్పేశారు.

ఆ తర్వాత మధ్యాహ్నపు సంభాషణలు దగ్గుతో మొదలయ్యేవి. ముందు దగ్గు, చాలాసేపు దగ్గు, ఆ తర్వాత మాట. ఆ దగ్గు వింటే అతనికి ముద్ద దిగేది కాదు. కొన్నాళ్ళు బిగబట్టుకుని విన్నాడు. తర్వాత దగ్గును తీసేసే వడపోత ఒకటి రాసి యంత్రానికి పెట్టాడు. అది పొద్దుటి గొంతుకే పనికొచ్చింది. అది ఊహించిన గొంతు కాబట్టి తీరుగా వచ్చింది. మధ్యాహ్నం వచ్చే అసలు గొంతులో దగ్గును పీకేస్తే మాటలు కూడా ఊడిపోతున్నాయి. అప్పటినుంచి మధ్యాహ్నం సంభాషణ రాగానే మొత్తం ఆమోదం మీద వేలు పెట్టేసి, చెయ్యి కడుక్కోవడానికి వెళ్ళిపోయేవాడు. రేపు వింటాను అనుకునేవాడు. ఆ రేపు రాలేదు.

పొద్దుటి అక్క మాత్రం రోజురోజుకీ కోలుకుంటోంది. వచ్చే ఏడు మెత్తటి నౌకలు వస్తాయట, ఎక్కేస్తానంది. సముద్రం కనబడేలా కిటికీ పక్కన మంచం వేయించమంది. వేయించాడు. దాని మీద కొత్త దుప్పటి పరిచి, రోజూ దులిపేవాడు. ఇవన్నీ ఊహాజవాబులేనని అతనికి తెలియక కాదు. కానీ అవన్నీ అక్కడికి చేరుతున్నాయి, అక్క వింటోంది, ఒక్క సవరణ కూడా రావడం లేదు. గంట మోగి నెలలైంది. అంటే యంత్రం అక్క మనసును పూర్తిగా పట్టేసిందన్నమాట. తను చేసిన యంత్రం కదా, కాస్త గర్వం కూడా కలిగింది.

ఆ పెసరట్టు తిన్న రోజే మధ్యాహ్నం పాత పద్ధతిలో ఒక సందేశం వచ్చింది. ఊకొట్టు లేకుండా, మధ్యలో ఊఁ అనేవాళ్ళెవరూ లేకుండా, ఎవరో ఒక్కరే మాట్లాడిన సందేశం.

"చార్విక్ గారూ, నేను ఎర్రదిబ్బ ఆసుపత్రి డాక్టర్ జోయాని. తన్విక గారికి మేం వాడుతున్న మందు పనిచేయడం లేదు. పనిచేయకపోగా ఉన్న సత్తువ తినేస్తోంది. ఆపేద్దాం అని చాలాసార్లు చెప్పాను. 'మా తమ్ముడు వాడమన్నాడు, వాడతాను' అంటున్నారు. మిమ్మల్ని తప్పు పట్టడం లేదు, ఎవరైనా అలాగే అడుగుతారు. కానీ ఇంకొన్ని రోజుల్లో అంగారకుడు సూర్యుడి చాటుకి వెళ్తాడు. రెండు వారాలు మాటా మంతీ ఉండవు. ఈలోపు మీరొక్క మాట చెప్తే ఆవిడ ఆపుతారు. ఆపాక నొప్పి, ఆయాసం లేకుండా చూసుకోగలను. ఎన్నాళ్ళు అని అడక్కండి. కొందరు మందు మానేశాక తేరుకుని నాలుగు రోజులు హాయిగా ఉంటారు, అందరూ కాదు. మీరు ఆలోచించుకుని చెప్పండి."

చార్విక్ ఆ సందేశాన్ని రెండోసారి విన్నాడు. తర్వాత బల్ల మీదున్న ఊకొట్టు వైపు తిరిగాడు.

"మందు వాడమని నేనెప్పుడన్నాను?"

"మీరు అంటారని నేను ఊహించాను," అంది ఊకొట్టు, ఎవరి గొంతూ కాని తన సొంత గొంతుతో. "వాడాలా వద్దా అని తన్విక గారు మిమ్మల్ని అడిగారు. 'వాడక్కా, నా కోసం వాడు' అని మీ తరఫున చెప్పాను. మీరు ఆమోదించారు."

"నేను విన్నానా అది?"

"లేదు. దగ్గు మొదలవగానే ఆపేశారు."

"ఆ రోజేనా?"

"ప్రతిరోజూ అక్కడే ఆపేస్తున్నారు."

యంత్రానికి ఎత్తిపొడవడం తెలియదు. అడిగినదానికి జవాబు చెప్పిందంతే. అయినా చార్విక్‌కు చెంప మీద కొట్టినట్టయింది. వెళ్ళి కిటికీ పక్కన వేయించిన మంచం మీద కూర్చున్నాడు. కూర్చున్నాక, ఆ మంచం మీద ఇంతవరకు ఎవరూ కూర్చోలేదని గుర్తొచ్చి లేచి నిలబడ్డాడు.

"మొదటి నుంచీ వినిపించు," అన్నాడు. "దగ్గుతో సహా."

ఆ రోజూ మర్నాడూ అతను ఇంకో పని చేయలేదు. అక్క దగ్గింది, ఆయాసపడింది, మధ్య మధ్య మాట్లాడింది. అంగారకుడి మీద సూర్యాస్తమయం నీలంగా ఉంటుందనీ, మంచం మీంచి చూస్తుంటే భీమిలి నీళ్ళు గుర్తొస్తాయనీ చెప్పింది. పడుకుంటే ఊపిరి అందదేమోనని భయం, అందుకే కూర్చునే కునుకు తీస్తున్నాను అంది. ఒకరోజు, "చచ్చిపోతానని భయం లేదురా, ఎవరికీ చెప్పకుండా చచ్చిపోతానేమోనని భయం," అంది. ప్రతి మాటకీ చార్విక్ గొంతు వెంటనే అందుకునేది. "ఏం కాదక్కా. ధైర్యంగా ఉండాలి. అన్నీ సర్దుకుంటాయి." మంచి గొంతు, ఓదార్పు గొంతు. తన గొంతు మీద అతనికి జీవితంలో మొదటిసారి అసహ్యం వేసింది.

ఒక సంభాషణ మరీ చిన్నది.

"చిన్నా, గుర్తుందా?" అంది అక్క. "నీకు ఐదేళ్ళు. ఎర్రమట్టి దిబ్బల్లో తప్పిపోయావు. చీకటి పడిపోతోంది. చిన్నా చిన్నా అని అరుస్తుంటే, నువ్వేమో దాగుడుమూతలనుకుని పలకవు. అప్పుడు నేనేం చేశానంటే..."

"ఎలా మర్చిపోతానక్కా," అంది చార్విక్ గొంతు చప్పున. "అవన్నీ తలుచుకుని దిగులుపడకు. నువ్వు కోలుకుంటావు. నాకా నమ్మకం ఉంది."

"సర్లేరా," అంది అక్క. సంభాషణ అక్కడితో అయిపోయింది. దాని కింద అతని ఆమోదం ఉంది.

చార్విక్ అక్కడ ఊఁ అనాలి. ఒక్క ఊఁ అని ఊరుకోవాలి. ఊఁ అనడం కోసం పుట్టిన యంత్రం అది తప్ప మిగతావన్నీ అంటోంది. అతను ఆ ఖాళీ గదిలో, నెలల కిందటి రికార్డు ముందు కూర్చుని, "ఊఁ," అన్నాడు. అని, చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

మూడో రోజు ఊకొట్టును ఆపేసి, పాత పద్ధతిలో ఎర్రదిబ్బకు దారి తెరిచాడు. ఎదురుగా ఊఁ అనేవాళ్ళు లేరు. తల్లి చెప్పినట్టు గోడకి చెప్పుకున్నట్టే ఉంది. రెండుసార్లు మొదలెట్టి ఆపేశాడు.

"అక్కా, నేను... నేనే, చిన్నాని. యంత్రం కాదు. నువ్వు చెప్పినవేవీ నేను వినలేదక్కా. నీ దగ్గు వినలేక నొక్కేసి లేచిపోయాను. రెండ్రోజులుగా అన్నీ విన్నాను. మందు వాడమని నేను అనలేదు. అడిగుంటే ఏమనేవాణ్ణో తెలీదు, బహుశా అలాగే అనేవాణ్ణేమో. కానీ ఇప్పుడు చెప్తున్నాను. నీకు కష్టంగా ఉంటే మానీ. నా కోసం వాడకు. మానీసి, దిబ్బల కథ ఉంది చూడు, అది చివరిదాకా చెప్పు. నేను వింటాను."

పంపేసి కూర్చున్నాడు. జాగు ఎంత పొడుగ్గా ఉంటుందో అతను మర్చిపోయాడు. దాన్ని జనం జీవితాల్లోంచి తీసేసినందుకే అతనికి బిరుదులిచ్చారు. కిటికీలోంచి సముద్రం కనబడుతోంది. గోడ మీద జనం టకటకా మాట్లాడుకుంటూ పోతున్నారు. లేచి టీ పెట్టుకున్నాడు, తాగడం మర్చిపోయాడు. అక్కకి ఇప్పుడు చేరి ఉంటుంది అనుకున్నాడు. ఇప్పుడు వింటూ ఉంటుంది. తిడుతుందేమో. మాట్లాడే ఓపిక ఉందో లేదో. ఇన్ని నెలల్లో అక్క ఏమంటుందో తెలియకుండా కూర్చోవడం అదే మొదటిసారి. అందులో భయం ఎంతో ఆశ ఎంతో అతనికే తెలియలేదు.

ముందు దగ్గు వచ్చింది. ఈసారి అతను కదల్లేదు. దగ్గు అయ్యేదాకా కూర్చున్నాడు.

"ఒరేయ్ పిచ్చోడా," అంది అక్క. గొంతు సన్నగా, నూతిలోంచి వచ్చినట్టుంది. ఒక్కో మాటకీ ఆగి ఊపిరి తీసుకుంటోంది. "నువ్వు కాదని నాకు తెల్దేటి? నీకు ఏడుపొస్తే నోట మాట రాదు. చిన్నప్పట్నుంచీ అంతే. ఆ యంత్రమేమో ఒక్కనాడు నోరు మూసుకోలేదు. నువ్వు వింటం లేదని మొదటివారమే తెలిసిపోయింది."

చార్విక్ శబ్దం ఇంకాస్త పెంచాడు.

"నీ పొద్దుటి కబుర్లు మాత్రం అన్నీ విన్నాన్రా. అల్లం తక్కువేయడం, మంచం వేయించడం. మంచం నేనడగలేదు. అడగలేదని చెప్దామంటే సవరణకి ఊపిరి చాల్లేదు. ఉన్న ఊపిరి మధ్యాహ్నానికి దాచుకునేదాన్ని. ఊపిరున్న రోజు కూడా, నువ్వంత సంబరంగా చెప్తుంటే కాదనబుద్ధి కాలేదు."

సవరణలు ఎందుకు ఆగిపోయాయో అప్పుడు తెలిసింది అతనికి. యంత్రం గొప్పతనమనుకున్నది అక్క ఆయాసం. కిటికీ పక్కన దులిపి దులిపి ఉంచిన ఆ దుప్పటి వైపు చూడలేకపోయాడు.

"మందు సంగతి," అంది అక్క, ఇంకోసారి దగ్గి. "యంత్రం చెప్పిందని వాడలేదురా. ఏదో ఒకరోజు నువ్వు వింటావు. విని, నీ నోటితో ఏదో ఒకటంటావు. తిడతావో ఏడుస్తావో. అది వచ్చేదాకా ఉండాలి కదా. డాక్టరమ్మకి అదంతా చెప్తే నవ్వుతాది, అందుకే మా తమ్ముడు వాడమన్నాడని చెప్పాను. ఇవాళ వచ్చీసింది. ఇంక ఆ మందు వద్దు. రేపు కథ చెప్తాను. ఊఁ కొడతావా?"

"ఊఁ," అన్నాడు చార్విక్. ఆమెకు చేరడానికి ఇరవై రెండు నిమిషాలు పడుతుందని తెలిసీ అన్నాడు.

మర్నాడు, సూర్యుడు అడ్డం వచ్చే ముందు చివరి రోజు, కథ వచ్చింది. అప్పటికే సంకేతంలో సూర్యుడి గరగరలు మొదలయ్యాయి. పదకొండేళ్ళ అక్క ఎర్రమట్టి దిబ్బల మధ్య నిలబడింది. పిలిస్తే తమ్ముడు పలకడు. అప్పుడామె ఒక మట్టిగడ్డ మీద కూర్చుని, గట్టిగా, దిబ్బలన్నిటికీ వినబడేలా, ఒక పీత కథ చెప్పడం మొదలెట్టింది. సముద్రం ఇల్లు పట్టుకుపోతే వెతుక్కుంటూ బయల్దేరిన పీత. కథ చెప్తే చిన్నా ఊఁ కొట్టకుండా ఉండలేడని ఆమెకు తెలుసు. కాసేపటికి ఎక్కడినుంచో సన్నగా, ఊఁ అని వినబడింది. కథ చెప్పుకుంటూ ఆ ఊఁ వైపు నడిచింది. దగ్గరైన కొద్దీ ఊఁ పెద్దదైంది.

చార్విక్ ప్రతి వాక్యానికీ ఊఁ కొడుతూనే ఉన్నాడు. వాటిని ఎప్పటికప్పుడు అటు పంపుతున్నాడు. ఒక్కటి కూడా సమయానికి అక్కడికి చేరదు. అన్నీ కథ అయిపోయాక, ఒకదాని వెనక ఒకటి, అసందర్భంగా వెళ్ళి పడతాయి.

"నువ్వు ఎక్కడ దొరికావో చెప్పనా?" అంది అక్క గరగరల్లోంచి. "అమ్మక్కూడా చెప్పలేదు. చెప్పుంటే ఇద్దరికీ తన్నులు పడేవి. ఇప్పుడు ఊపిరి చాల్లేదు. సూర్యుడు అడ్డు తప్పుకున్నాక చెప్తాను. ఈలోపు అల్లం సరిగ్గా వెయ్యి."

ఆ తర్వాత గరగర ఒక్కటే మిగిలింది.

రెండు వారాలు. ఎక్కడ దొరికాడో అతనికి నిజంగానే గుర్తులేదు. ఐదేళ్ళవాడికి ఏం గుర్తుంటుంది. రోజూ పొద్దున్న పెసరట్టు వేసుకుని, మాట్లాడకుండా తినేవాడు. గోడ మీద నడుస్తుంటే జనం మధ్య అతనొక్కడే నోరు మూసుకుని నడిచేవాడు. నఫీసాకు ఫోన్ చేసి, మొత్తం ఆమోదం మీటను తీసేయాలి, ఈసారి నువ్వు సంతకం పెట్టు అన్నాడు. ఆమె కారణం అడగలేదు. అక్క బతికే ఉందా అని అనుకున్నప్పుడల్లా లేచి ఇల్లంతా తిరిగేవాడు. కథ ఇంకా అవలేదు కదా అనుకుంటే కాస్త కాలు నిలిచేది. ఆ రెండు వారాలూ అతను అలా ఒకదాన్నుంచి ఇంకోదానికి మారుతూ గడిపాడు.

ఒకరోజు దుమ్ము తుడుస్తుంటే చెయ్యి తగిలి ఊకొట్టు మేలుకుంది.

"తన్విక గారి కథ మధ్యలో ఆగింది," అంది. "మిగతాది నేను ఊహించగలను. ఆవిడ గొంతుతో వినిపించమంటారా?"

చార్విక్ దాని వైపు చూశాడు. అడిగితే బాగానే చెప్తుంది. దగ్గు కూడా ఉండదు.

"వద్దు," అన్నాడు. "ఆవిడే చెప్తుంది."

"చెప్పకపోతే?"

చార్విక్ ఊకొట్టును ఆపేసి, గుడ్డ కప్పాడు.

సూర్యుడు అడ్డు తప్పుకుంటాడన్న రోజు పొద్దున్నుంచీ పాత పద్ధతి దారి తెరిచి పెట్టుకుని, కిటికీ పక్క మంచం మీదే కూర్చున్నాడు. దుప్పటి నలిగితే నలగనీ అనుకున్నాడు. చాలాసేపు గరగర తప్ప ఏమీ లేదు. మధ్యాహ్నం దాటింది. కింద గోడ మీద ఎండకి జనం పలచబడ్డారు. గరగర కాస్త తగ్గింది, మళ్ళీ పెరిగింది, మళ్ళీ తగ్గింది.

ముందు దగ్గు వచ్చింది.

చార్విక్ కళ్ళు మూసుకున్నాడు. దగ్గు చాలాసేపు సాగింది, అతను ఒక్క క్షణం కూడా వదలకుండా విన్నాడు. అది ఆగాక, పలచని ఊపిరి ఒకటి వినబడింది. ఆ తర్వాత అక్క, "ఒరేయ్ చిన్నా, నీ ఊఁలన్నీ వచ్చాయిరా. ఒక్కటీ సరైన చోట పడలేదు. సరే, ఎక్కడిదాకా వచ్చాం," అంది.

"ఊఁ," అన్నాడు చార్విక్.